బోరన్ ఎలా బతికాడు

అఫ్జల్ ఒకచోట కుదురుగా కూర్చుని టీ తాగగా తెనాలిలో చూసినవాళ్ళు లేరు. ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెడతాడు, లేచి వెళ్ళి ఏదో మిక్సీ మూత విప్పి లోపలికి తొంగిచూస్తాడు, తిరిగి వచ్చేసరికి టీ చల్లారిపోయి ఉంటుంది. మార్కెట్ వెనక వీధిలో తండ్రి నన్నే సాహెబ్ పెట్టిన మోటారు వైండింగ్ షాపు ఇప్పుడు అతనిది. కాలిపోయిన ఫ్యాన్లూ, మిక్సీలూ, నీళ్ళ మోటార్లూ తెచ్చి అక్కడ పడేస్తారు. మాడిన తీగ తీసేసి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తే అవి మళ్ళీ తిరుగుతాయి. కానీ అఫ్జల్‌కి తిరిగితే చాలదు. అసలు ఎందుకు కాలిందో తెలియాలి. "తిరుగుతుంది గదా నాయనా, ఇచ్చెయ్" అని వచ్చినవాళ్ళు నెత్తీనోరూ కొట్టుకున్నా, కారణం దొరికేదాకా వస్తువు చేతికివ్వడు. ఈ గుణం వల్ల షాపుకి మంచిపేరు వచ్చింది, ఇంట్లో భార్య నగ్మాకి తలనొప్పి వచ్చింది.

అలాంటివాడికి జీవితంలో తగలకూడని సినిమా ఒకటి తగిలింది. 'ఏడో చంద్రుడి దారి' దాని పేరు. మూడు భాగాలు. ఎక్కడో చలిదేశంలో తీస్తే ఎవరో పుణ్యాత్ముడు తెలుగులోకి డబ్బింగ్ చేయించి వదిలాడు. అఫ్జల్ ఇంటర్ చదివే రోజుల్లో తెనాలిలో విరగబడి ఆడింది. 'గరుడ' అని ఒక అంతరిక్ష నౌక, దాన్ని నడిపే సెన్నా అనే పిల్ల, ఒక గడ్డం వంటవాడు, ఇంజన్లు చూసుకునే ముసలి మెకానిక్ బోరన్. అఫ్జల్‌కి బోరన్ అంటే ప్రాణం. చేతుల నిండా గ్రీజు, నోటి నిండా తిట్లు, లోపలంతా వెన్న. అచ్చం నాన్నే అనుకునేవాడు.

రెండో భాగంలో ఇంజన్ గది అంటుకుంటుంది. నౌక దక్కాలంటే ఆ గది తలుపు లోపలినుంచి మూసెయ్యాలి. బోరన్ లోపలే ఉండిపోయి మూసేస్తాడు. బయట సెన్నా తలుపు బాదుకుంటూ ఏడుస్తుంది, హాలంతా ఏడుస్తుంది. ఆ వెంటనే వచ్చే సీనులో అందరూ బల్ల చుట్టూ కూర్చుని భోజనం చేస్తుంటారు. వాళ్ళ మధ్యలో బోరన్! చేతికి కట్టుతో కూర్చుని, పులుసులో ఉప్పు తగ్గిందని వంటవాడి మీద కేకలేస్తుంటాడు. ఎలా బతికాడని ఒక్కడూ అడగడు. ఇది చాలదన్నట్టు, అక్కణ్ణించి వంటవాడికి గడ్డం ఉండదు. ఎందుకు లేదో అదీ ఎవరూ చెప్పరు.

జనం ముసలాయన బతికాడు గదా అని ఈలలేసి ఊరుకున్నారు. అఫ్జల్ ఊరుకోలేకపోయాడు. మర్నాడు కాలేజీలో పాఠం జరుగుతుంటే పక్కబల్ల మీద వీరేంద్ర కూడా అదే ప్రశ్నతో కొట్టుకుంటున్నాడని తెలిసింది. వీరేంద్రది బాపట్ల, తెనాలిలో హాస్టల్లో ఉండి చదివేవాడు. కొన్నాళ్ళకి స్టేషన్లో టీ బండి దగ్గర ఇద్దరూ అరుచుకుంటుంటే మూడోవాడు తగిలాడు. అతను అంద్రెయ. రేపల్లె నుంచి పాసింజర్లో వచ్చి తెనాలిలో ఐటీఐ చదువుతున్నాడు. బోరన్ కోసం ఎవరో వెనక్కి వెళ్ళి తీసుకొచ్చారని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. దానికి 'రేపల్లె సిద్ధాంతం' అని పేరు కూడా పెట్టారు. ఆ నవ్వుల్లోనే స్నేహం కుదిరింది.

అంద్రెయది అంత సాదా సిద్ధాంతం. వీరేంద్రది మాత్రం పెద్ద వ్యవహారం. అసలు బోరన్ చచ్చిపోయాడట, భోజనాల దగ్గర కూర్చున్నది నౌకలోని యంత్రం తయారుచేసిన అచ్చు బొమ్మట. ఆ భోజనం మంటలకి ముందే జరిగిందని, సీన్లు అటూఇటూ అయ్యాయని అఫ్జల్ వాదించేవాడు. మరి చేతికి కట్టెందుకుందంటే మాట మార్చేవాడు. సినిమా టీవీలో వచ్చింది, ప్రకటనల కోసం ముక్కలు ముక్కలు చేసి. అందులోనూ జవాబు లేదు. ఇంటర్నెట్లో దొరికేది ఆ టీవీ నుంచి ఎవరో ఎక్కించిందే. చదువులైపోయాయి, పెళ్ళిళ్ళయ్యాయి. వీరేంద్ర బాపట్లలో పురుగుమందుల కొట్టు పెట్టాడు, అంద్రెయ రేపల్లెలో స్కూలు వ్యాను నడుపుతున్నాడు. టీ బండి పోయి వాట్సాప్ గ్రూపు వచ్చింది. పేరు 'బోరన్ బాధితులు'. ముగ్గురే సభ్యులు. నాలుగోవాణ్ణి చేర్చుకుందామని ఎన్నోసార్లు అనుకున్నారు గానీ, ఎవరూ అంత పిచ్చివాళ్ళు దొరకలేదు.

ఇంతలో హైదరాబాద్‌లో ఎవరో ఆ సినిమా రెండో భాగం పాత ప్రింటు సంపాదించి, శుభ్రం చేసి, మళ్ళీ హాళ్ళకి వదులుతున్నారని కబురొచ్చింది. గ్రూపులో పండగ. చల్లారిన వాదనలన్నీ లేచి కూర్చున్నాయి. అంద్రెయ ఎప్పటిలాగే, "ఎవరో వెళ్ళి తెచ్చుంటార్రా, వేరే దారి లేదు" అని రాశాడు. వీరేంద్రకి ఆ పూట కొట్లో ఎవరితో చెడిందో ఏమో, "చచ్చినోడు లేచొచ్చాడంటే మీవాళ్ళు ఇట్టే నమ్ముతార్లే, మీకలవాటేగా" అని పెట్టాడు. అంద్రెయది ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే కుటుంబం.

ఆ గ్రూపులో ఒక రివాజు ఉంది. ఒకడి వాదం మీద ఇంకొకడు దెబ్బ వేస్తే, మూడోవాడు పగలబడి నవ్వే బొమ్మ పెట్టాలి. అప్పుడు అఫ్జల్ ఒక ఫ్యానుకి తీగ చుడుతున్నాడు. ఎడంచేత్తో ఫోను దగ్గరికి లాక్కుని, నవ్వే బొమ్మ నొక్కి, మళ్ళీ తీగ అందుకున్నాడు. చదవకుండా నొక్కాడా అంటే కాదు, చదివే నొక్కాడు. అతన్ని లోపల తొలిచేస్తున్నది అదే. సాయంత్రం చూసేసరికి అంద్రెయ గ్రూపులో లేడు.

అలాంటి జోకులు ఎలా గుచ్చుకుంటాయో అఫ్జల్‌కి ఒకరు చెప్పాలా? టీ కొట్ల దగ్గర, పెళ్ళి భోజనాల్లో, క్రికెట్ మ్యాచ్ రోజుల్లో 'మీవాళ్ళు' అన్న మాట అతనూ విన్నాడు. విన్నప్పుడల్లా చుట్టూ ఉన్న ముఖాల్లో నవ్వని ముఖం ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాడు. ఇప్పుడు అంద్రెయ అలాగే వెతుక్కుని ఉంటాడు. అతనికి నవ్వుతున్న అఫ్జల్ కనిపించాడు. తల్చుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

ఫోను చేస్తే అంద్రెయ ఎత్తలేదు. మెసేజి పెడితే చదివాడు, జవాబివ్వలేదు. అఫ్జల్‌కి మనసు మనసులో లేదు. ఎర్ర తీగకి నల్ల తీగ కలిపి ఒక మిక్సీని తనే కాల్చేశాడు. ఇంట్లో వాకిట్లోకీ వంటింట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నగ్మాకి విసుగొచ్చింది.

"ఎత్తకపోతే వెళ్ళండి. ఇట్టా నా చుట్టూ తిరిగితే రేపల్లె రాదు," అంది.

"వీరేంద్ర చేత చెప్పిస్తే బాగుంటుందేమో. అన్నది వాడు గదా."

"నవ్వింది మీరు గదా," అంది నగ్మా.

అయినా ముందు బాపట్లకే వెళ్ళాడు. తప్పులో సగం ఇంకొకడి నెత్తిన పెడితే బరువు తగ్గుతుందని ఆశ. వీరేంద్ర కొట్లో మందు డబ్బాల మధ్య కూర్చుని ఉన్నాడు. స్నేహితుణ్ణి చూసి సంబరంగా లేచాడు, కూల్‌డ్రింక్ తెప్పించాడు. సంగతి వినగానే ముఖం ముడుచుకున్నాడు.

"దానికే ఇంత దూరం వచ్చావా? జోకు రా అది."

"వాడికి ఒక్కసారి ఫోన్ చెయ్. తప్పయిందని చెప్పు."

"ఏంటీ చెప్పేది? ఇన్నేళ్ళ స్నేహంలో ఆ మాత్రం అనుకోకూడదా?"

"అనుకోకూడదు రా."

"ఓహో! మరి నువ్వెందుకు నవ్వావు?"

అఫ్జల్ కూల్‌డ్రింక్ సగంలో వదిలేసి లేచాడు. తెనాలి వెళ్ళే రైలుకి టైము ఉంది గానీ స్టేషన్ వైపు కాళ్ళు సాగలేదు. బస్టాండుకి వెళ్ళి చెరుకుపల్లి బస్సెక్కాడు, అక్కడ దిగి రేపల్లె బస్సు పట్టుకున్నాడు. దారి పొడవునా వరిచేలు, వాటి మధ్య కాలవలు. అతను మాత్రం అంద్రెయతో ఏం మాట్లాడాలో తన్ను తాను తిట్టుకుంటూ కూర్చుకున్నాడు. ముందు క్షమాపణ, తర్వాతే సినిమా. ఆ వరస తప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

స్కూలు ఇంకా వదల్లేదు. పసుపు వ్యాన్ల వరసలో అంద్రెయ తన వ్యాను అద్దం తుడుచుకుంటున్నాడు. అఫ్జల్‌ని చూసి తడబడ్డాడు, అంతలోనే సర్దుకున్నాడు.

"రండి అఫ్జల్ గారూ. ఎప్పుడొచ్చారండి?"

ఒరే అంటే ఒరే అనుకున్న నోరది. తిట్టినా బాగుండేది. ఆ 'గారు' దెబ్బకి అఫ్జల్ కూర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. క్షమాపణ నాలుక మీదికి రాలేదు గానీ సినిమా మాత్రం ధారగా వచ్చేసింది. ఆదివారం మధ్యాహ్నం ఆటకి మూడు సీట్లు తీసుకున్నాననీ, మధ్య వరసలోననీ, కొత్త సౌండు అదిరిపోతుందనీ వాగాడు. లోపల మాత్రం ఒరే వెధవా, ముందు ఆ మాట చెప్పు అని కొట్టుకుంటూనే ఉన్నాడు.

"ఆదివారం చర్చి ఉందండి."

"ఆట మధ్యాహ్నం గదరా! చర్చి అయింతర్వాతే రా."

"చూస్తానండి," అన్నాడు అంద్రెయ. గంట మోగింది. పిల్లలు కేకలేసుకుంటూ వచ్చి వ్యానెక్కారు. అఫ్జల్ చెయ్యెత్తాడు, అంద్రెయ తలూపి బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం తెనాలిలో హాలు దగ్గర జాతరలా ఉంది. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఎవడో బోరన్ బొమ్మకి దండ కూడా వేశాడు. వీరేంద్ర బాపట్ల నుంచి వచ్చాడు, కొత్త చొక్కా వేసుకుని. అంద్రెయ పేరు అతనెత్తలేదు, కానీ గేటు వైపు అఫ్జల్ ఎన్నిసార్లు చూశాడో అతనూ అన్నిసార్లు చూశాడు. ఆట మొదలైంది. మధ్య సీటు ఖాళీగానే ఉంది. పాప్‌కార్న్ పట్టుకున్న ఒకాయన "ఇక్కడెవరైనా ఉన్నారా బాబూ?" అంటే ఇద్దరూ ఒకేసారి "ఉన్నారండి" అన్నారు.

ఇంజన్ గది అంటుకుంది. బోరన్ తలుపు మూశాడు. సెన్నా తలుపు బాదుకుంది. ఇప్పుడు భోజనాల బల్ల వస్తుందని అఫ్జల్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బల్ల రాలేదు. వంటగది వచ్చింది.

వంటవాడు ఒక్కడే ఉన్నాడు. సెన్నా ఏడుపు వింటున్నాడు. నీళ్ళ తొట్టిలో దుప్పటి ముంచాడు, కప్పుకున్నాడు, పొయ్యి మీది పొగగొట్టం మూత ఊడబెరికాడు. ఆ గొట్టం వెనకనుంచి ఇంజన్ గదిలోకే పోతుందని అతనొక్కడికే తెలుసు. పొమ్మని అతనికి ఎవరూ చెప్పలేదు. దూరాడు. మంటల్లో పాక్కుంటూ వెళ్ళి, స్పృహ తప్పిన బోరన్‌ని కాళ్ళు పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చాడు. వంటగదిలో పడ్డాక చూస్తే అతని గడ్డం పొగలు కక్కుతోంది.

"గడ్డం!" అని అఫ్జల్ లేచి నిలబడి అరిచాడు. వెనకవాళ్ళు కూర్చోమని కేకలేశారు. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. ఇన్నేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్న రెండు ప్రశ్నలకి ఒక్క తడి దుప్పటి జవాబు చెప్పింది. పక్కకి తిరిగాడు, చెప్పుకోవడానికి. పక్కన ఖాళీ సీటు.

ఇంటర్వెల్లో వీరేంద్ర, "కొత్తగా కలిపారేమో రా. ఈ మధ్య కంప్యూటర్లో ఏదైనా చేస్తున్నారు," అన్నాడు.

"సెన్నా ఏడ్చింది పాత డబ్బింగ్ గొంతుతోనే గదా. ఆ గొంతిచ్చినావిడ ఇప్పుడు బతికి లేదు."

వీరేంద్ర నేల చూశాడు. "వాడు చెప్పిందే అయింది," అని గొణిగాడు. అఫ్జల్ మిగతా సగం చూడలేదు. వీరేంద్రని అక్కడే వదిలేసి, పరుగులాంటి నడకతో స్టేషన్‌కి వెళ్ళి రేపల్లె పాసింజర్ ఎక్కాడు. సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడ్డాడు. జంపని, వేమూరు, భట్టిప్రోలు. ప్రతి స్టేషన్లో రైలు నత్తనడక నడుస్తోందని దాన్ని తిట్టుకున్నాడు. ఇంత పెద్ద శుభవార్త తీసుకెళ్తుంటే అంద్రెయ కోపం ఎక్కడ నిలుస్తుంది? నువ్వే గెలిచావు రా అంటే ఎగిరి గంతెయ్యడూ!

అంద్రెయ ఇంటి ముందు వ్యాను కడుగుతున్నాడు. అతని భార్య నిర్మల ముందుగా చూసి, "రా అన్నయ్యా" అంది. అఫ్జల్ ఆమెకి జవాబు కూడా చెప్పలేదు.

"అంద్రెయా! వంటవాడు రా! వంటవాడు వెళ్ళి తెచ్చాడు! నీ మాటే నిజమైంది!"

అంద్రెయ గుడ్డ పిండి, బకెట్ అంచు మీద వేశాడు. "అవునండి," అన్నాడు.

"అవునండి ఏంటిరా? ఇన్నేళ్ళ ముడి విడిపోయింది! అసలు నువ్వు ఎట్టా ఊహించావు?"

"ఊహించడమేంటి? నేను చూశా."

అఫ్జల్‌కి అర్థం కాలేదు. అంద్రెయ గొంతు పెంచలేదు గానీ మర్యాద మాత్రం ఎగిరిపోయింది.

"ఈ ఊళ్ళోనే చూశా, మా నాన్నతో. మీ ఊళ్ళో ఆడింతర్వాత ఆ రీళ్ళ పెట్టె ఇక్కడికొచ్చింది. మీకాడ జనం విరగబడ్డారంట గదా, రోజుకి ఐదాటలు వెయ్యాలని ఓ రీలు పక్కన పెట్టుంటారు. ఇక్కడ హాలు ఖాళీ. మొత్తం వేశారు. పొగగొట్టం, దుప్పటి, గడ్డం కాలడం, అన్నీ చూశా."

"మరి ఎప్పుడూ చెప్పలేదేంట్రా?"

"చెప్పా. మొదటిరోజే స్టేషన్లో చెప్పా, నేను చూశానని. మీరు నవ్వారు. రేపల్లెకి వేరే సినిమా పంపారా అన్నావు నువ్వు. కల కనుంటాడన్నాడు వీరేంద్ర. తర్వాత టీవీలో వేశారు, అందులో లేదు. నాకే అనుమానమొచ్చింది. మా నాన్నని అడుగుదామంటే అప్పటికి ఆయన లేడు." అంద్రెయ చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "చూశానంటే నవ్వుతున్నారు. అయ్యుండొచ్చు అంటే పక్కన కూర్చోనిస్తున్నారు. మీతో కూర్చోవడం నాకిష్టం. అందుకని అట్టాగే అంటూ వచ్చా."

అఫ్జల్ ఆ టీ బండి దగ్గరికి మనసులో వెళ్ళి చూశాడు. పదిహేడేళ్ళ పిల్లవాడు, భుజాన సంచీ, మాట పూర్తి కాకముందే తామిద్దరి నవ్వు. ఏ ఫ్యాను ఎందుకు కాలిందో తేలేదాకా నిద్రపోని తను, ఆ పిల్లవాణ్ణి ఎలా తెలుసు నీకు అని ఒక్కసారైనా అడగలేదు. రైల్లో తెచ్చిన శుభవార్త చేతిలోనే చచ్చిపోయింది.

"వీరేంద్ర అన్నదానికి నేనంత బాధపడలా," అన్నాడు అంద్రెయ. "వాడి నోరంతే. నువ్వు నవ్వావు చూడు."

"చదివే నవ్వాను రా," అన్నాడు అఫ్జల్. "ఆ మాట ఎట్టా ఉంటుందో తెలిసే నవ్వాను. నాది తప్పు. మొన్న వచ్చి ఈ మాట చెప్పాల్సింది, సినిమా గురించి వాగి పోయాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది."

అంద్రెయ పర్లేదు అనలేదు, పో అనీ అనలేదు. బకెట్లో నీళ్ళు చెట్టు మొదట్లో కుమ్మరించి వచ్చాడు. నిర్మల లోపల్నుంచి స్టూలు తెచ్చి వేసింది. అఫ్జల్ కూర్చున్నాడు.

"ఆ సీను చెప్పు. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు," అన్నాడు.

"ఇప్పుడే గదా చూసొచ్చావు."

"మీ ఊళ్ళో చూసింది చెప్పు."

అంద్రెయ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు, ఇందులో ఎక్కడైనా నవ్వు దాగుందా అని. తర్వాత వ్యాను మెట్టు మీద కూర్చుని మొదలుపెట్టాడు. మొదట మాటలు తడుముకున్నాడు, పోనుపోను గొంతు ఊపందుకుంది. సెన్నా ఏడుపు చెప్పాడు, తొట్టిలో ముంచిన దుప్పటి చెప్పాడు, తండ్రి తన చెయ్యి గట్టిగా పట్టుకోవడం చెప్పాడు. వంటవాడు మంటల్లో బోరన్‌ని వెతికి పట్టుకుని, పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని, నిటారుగా నడుచుకుంటూ బయటికి వచ్చాడని చెప్పాడు.

భుజాన వేసుకోలేదు. కాళ్ళు పట్టుకుని ఈడ్చాడు. ఆ గొట్టంలో నిటారుగా నిలబడే చోటే లేదు. అఫ్జల్ మధ్యాహ్నం కళ్ళారా చూసి వచ్చాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, పెదవులు కూడా విడ్డాయి.

"తర్వాత?" అన్నాడు.